కాన్పు గదిలో తిట్టడం, కొట్టడం వైద్యంలో భాగం కాదు

మీ చెల్లెలి తొలి కాన్పు గురించి మీరు రాసినదంతా శ్రద్ధగా చదివాను. నొప్పులు ముదిరాక గట్టిగా ముక్కడం లేదని తొడల మీద చరిచారనీ, ఏడ్చినందుకు "మొగుడి దగ్గర పడుకున్నప్పుడు లేని నొప్పి ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది" అన్నారనీ, ఒకరు మీదికి వంగి పొట్టను మోచేత్తో కిందికి నొక్కారనీ, బిడ్డ బయటికి వచ్చే దారి దగ్గర కోత పెడుతున్నట్టు ముందుగా చెప్పలేదనీ, కుట్లు వేసేటప్పుడు మత్తుసూది ఇవ్వలేదనీ, తోడు వెళ్లిన మీ అమ్మగారిని తలుపు బయటే నిలబెట్టారనీ రాశారు. ఇంట్లో పెద్దవాళ్లు "అందరికీ అంతే, బిడ్డ క్షేమంగా పుట్టింది, అదే చాలు" అంటున్నారని చెప్పి, మీరే ఇప్పుడు ఏడో నెలతో అదే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాల్సి ఉండగా, ఇదంతా బిడ్డను కాపాడటానికి తప్పనిసరిగా చేసేదేనా, కాకపోతే ఇప్పుడు ఏం చేయగలం అని అడిగారు.

తప్పనిసరి కాదు. ప్రభుత్వ ఆసుపత్రుల ప్రసూతి విభాగాల్లో ఉద్యోగ జీవితమంతా గడిపి, వైద్య విద్యార్థులకూ నర్సింగ్ విద్యార్థులకూ కాన్పు చేయడం నేర్పినదాన్ని కనుక ఈ మాట మినహాయింపులేమీ పెట్టకుండా చెబుతున్నాను. గర్భిణిని కొడితేనో తిడితేనో బిడ్డ బతికే పరిస్థితి ప్రసూతి శాస్త్రంలో ఒక్కటి కూడా లేదు. "నాలుగు దెబ్బలు వేస్తే తప్ప ముక్కరు, ముక్కకపోతే బిడ్డ దక్కదు" అన్న మాట మన కాన్పు గదుల్లో ఎంత పాతుకుపోయిందంటే, దెబ్బలు తిన్న తల్లులు కూడా ఇంటికి వెళ్లాక "సిస్టరమ్మ కొట్టబట్టే నా బిడ్డ బతికాడు" అని నమ్ముతుంటారు. కాబట్టి చట్టాల సంగతికి వెళ్లే ముందు ఈ నమ్మకం వైద్యపరంగా ఎందుకు తప్పో కొంచెం వివరంగా చెప్పాలి.

గర్భాశయ ముఖద్వారం పూర్తిగా, అంటే 10 సెంటీమీటర్ల మేర తెరుచుకున్న తరువాత కూడా, బిడ్డ తల కిందికి దిగి తల్లికి తనంత తానుగా ముక్కాలనిపించే దాకా కొంత సమయం పట్టవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో విడుదల చేసిన కాన్పు మార్గదర్శకాల ప్రకారం ఈ దశ తొలి కాన్పులో 3 గంటల వరకూ, తరువాతి కాన్పుల్లో 2 గంటల వరకూ సాగవచ్చు. తల్లి తనకు ముక్కాలనిపించినప్పుడు ముక్కేలా ధైర్యం చెప్పాలి తప్ప బలవంతపెట్టకూడదు. మన దగ్గర సాధారణంగా జరిగేది దీనికి పూర్తిగా భిన్నం. "ఫుల్ అయింది" అన్న మాట వినబడగానే తల్లిని వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు పైకి పెట్టించి, నొప్పి ఉన్నా లేకపోయినా "ముక్కు, ముక్కు" అని చుట్టూ నలుగురు అరవడం మొదలవుతుంది. అప్పటికే పన్నెండు గంటలుగా ఏమీ తినని, గుక్కెడు నీళ్లు కూడా తాగనివ్వని మనిషి అలా అరగంట ముక్కేసరికి సొమ్మసిల్లుతుంది. ఆ అలసటకు మొండితనం అని పేరు పెట్టి దెబ్బ వేస్తారు.

ఆ సమయంలో చేయవలసిన పనులు వేరే ఉన్నాయి, అవన్నీ చవకైనవే. మూత్రాశయం నిండి ఉందేమో చూసి ఖాళీ చేయించాలి. కాస్త నీళ్లో, చక్కెర కలిపిన పానీయమో ఇవ్వాలి. వెల్లకిలా కాకుండా పక్కకు తిప్పి గానీ, గొంతుకూర్చోబెట్టి గానీ, మోకాళ్ల మీద వాలనిచ్చి గానీ చూడాలి. భంగిమ మారితే దిగని తల దిగడం నా అనుభవంలో నిత్యం చూసిన విషయం. అన్నింటికంటే ముఖ్యంగా ఈ దశలో ప్రతి 5 నిమిషాలకూ బిడ్డ గుండె చప్పుడు వినాలి. చప్పుడు సరిగా ఉంటే తొందర అక్కరలేదు. చప్పుడు పడిపోతుంటే బిడ్డ తలను పట్టి బయటికి లాగే వ్యాక్యూమ్, ఫోర్సెప్స్ పరికరాలు, అవీ కాకపోతే ఆపరేషన్ ఉన్నాయి. దెబ్బ ఈ రెండు సందర్భాల్లో దేనికీ పనికిరాదు. పైగా భయంతో విడుదలయ్యే అడ్రినలిన్ వంటి హార్మోన్లు నొప్పుల జోరును తగ్గించగలవు, అంటే తిట్లు కాన్పును ముందుకు నడపకపోగా వెనక్కి లాగే అవకాశమే ఎక్కువ.

పొట్ట మీద నొక్కడం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలామంది సిబ్బంది నిజాయితీగానే సహాయం అనుకుంటారు. కాన్పు త్వరగా కావడానికి గర్భాశయం పైభాగాన్ని చేతులతో గానీ మోచేత్తో గానీ కిందికి తోయవద్దని పైన చెప్పిన మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. దానివల్ల తల్లికి కింద చర్మం, కండరాలు లోతుగా చీలవచ్చు, పక్కటెముకలు విరగవచ్చు, అంతకుముందు సిజేరియన్ అయిన స్త్రీకైతే గర్భాశయమే చిట్లే ప్రమాదం ఉంది. అయితే బిడ్డ తల వచ్చి భుజం ఇరుక్కుపోయే అత్యవసర పరిస్థితి ఒకటి ఉంటుంది. అప్పుడు తల్లి మోకాళ్లను ఛాతీ వైపు మడిచి, బొడ్డుకు బాగా కిందుగా, పొత్తికడుపు అడుగున చేతికి తగిలే ఎముకకు (జఘనాస్థికి) కాస్త పైన అరచేత్తో ఒత్తుతారు. అది సరైన వైద్యమే. మీ చెల్లెలికి బొడ్డుకు పైన, రొమ్ముల కింద మోచేత్తో నొక్కారంటే అది ఈ పద్ధతి కాదు.

కోత విషయానికి వస్తే, తొలి కాన్పయితే చాలు అందరికీ కోత పెట్టాలన్న పాత అలవాటును కూడా ఆ మార్గదర్శకాలు వద్దన్నాయి. కొన్ని సందర్భాల్లో కోత అవసరమే, నేను కూడా ఎన్నోసార్లు పెట్టాను. కానీ "అమ్మా, బిడ్డ గుండె నెమ్మదిస్తోంది, చిన్న కోత పెడితే త్వరగా వస్తుంది, మత్తు ఇస్తాను" అని చెప్పడానికి పది సెకన్లు చాలు. ఇక మత్తు లేకుండా కుట్లు వేయడానికి ఏ సమర్థనా లేదు. బిడ్డ పుట్టేసింది, మాయ పడిపోయింది, లిగ్నోకేయిన్ ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ ఉండే చవకైన మత్తుమందు, ఎక్కించి రెండు మూడు నిమిషాలు ఆగితే పనిచేస్తుంది. ఆ రెండు నిమిషాలు ఆగకపోవడాన్ని నిర్లక్ష్యం అనడం కూడా నాకు తక్కువగానే అనిపిస్తుంది.

మీరు అన్యాయంగా ఎవరినీ తప్పు పట్టకూడదు కాబట్టి రెండో వైపు కూడా చెబుతాను. కాన్పు తరువాత రక్తం ఆగకుండా పోతుంటే గర్భాశయాన్ని రెండు చేతుల మధ్య పట్టి గట్టిగా అదమవలసి వస్తుంది, అది భరించలేని నొప్పి. మాయ ముక్క లోపల మిగిలిపోతే చెయ్యి పెట్టి తీయవలసి వస్తుంది. అలాంటి క్షణాల్లో డాక్టరు గొంతు పెద్దది కావచ్చు, సంతకం కోసం ఆగే వీలు ఉండకపోవచ్చు. కానీ అక్కడ కూడా నొప్పి చికిత్స వల్ల కలుగుతుందే తప్ప శిక్షగా కలగదు, ఆ తేడా మంచం మీద ఉన్న మనిషికి చాలా బాగా తెలుస్తుంది. మీ చెల్లెలు చెప్పిన వాటిలో ఏది చికిత్స, ఏది శిక్ష అన్నది ఆమెనే అడగండి, ఆమె జవాబును నమ్మండి.

ఇది ఒక్క మీ ఊరి సంగతి కాదు. ప్రసూతి గదుల్లో అవమానం, హింస జరుగుతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో బహిరంగంగా ఒక ప్రకటన చేసింది. ఆ సంస్థ ఆధ్వర్యంలో ఘనా, గినీ, నైజీరియా, మయన్మార్ దేశాల్లో చేసిన పెద్ద అధ్యయనం 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. పరిశీలకులు పక్కనే ఉండి చూసిన 2,016 మందిలో 838 మంది, అంటే నూటికి దాదాపు 42 మంది, దెబ్బలో తిట్లో వివక్షో ఎదుర్కొన్నారు. 253 కోతల్లో 190 అనుమతి లేకుండా పెట్టినవే. ఈ దుష్ప్రవర్తన ఎక్కువగా జరిగిన సమయం బిడ్డ పుట్టడానికి 30 నిమిషాల ముందు నుంచి పుట్టిన 15 నిమిషాల తరువాత వరకు అని వాళ్లు గుర్తించారు. అంటే తల్లి లేచి వెళ్లలేని, ఎదురు చెప్పలేని, మరొకరిని పిలవలేని ఆ ముప్పావుగంటలోనే. చిన్న వయసు వాళ్లూ, చదువు తక్కువ ఉన్నవాళ్లూ ఎక్కువగా దీని పాలపడ్డారు. మన దేశంలో ఉత్తరప్రదేశ్‌లోని 26 ఆసుపత్రుల్లో 275 మంది తల్లుల కాన్పులను గమనించిన మరో అధ్యయనంలో, ఏదో ఒక రూపంలో దుష్ప్రవర్తనకు గురికాని తల్లి ఒక్కరూ లేరు. వాటిలో అన్నీ దెబ్బలు కావు. ఏ భంగిమలో కంటావని అడగకపోవడం దగ్గర నుంచి అవసరం లేకుండా గర్భాశయంలో చెయ్యి పెట్టి తుడవడం దాకా ఉన్నాయి.

మన రెండు రాష్ట్రాల్లో ఇది ఎవరికి ఎక్కువగా జరుగుతుందో ప్రసూతి వార్డులో పనిచేసిన ఎవరికైనా తెలుసు, బయటికి చెప్పరంతే. మూడో కాన్పుకో నాలుగో కాన్పుకో వచ్చిన పేదరాలికి "ఎన్నిసార్లు కంటావు" అన్న మాట తప్పదు. మళ్లీ ఆడపిల్ల పుడితే బిడ్డను చూపించే చేతిలోనే విసుగు కనిపిస్తుంది. పెళ్లి కాని అమ్మాయికీ, హెచ్ఐవీ ఉన్న తల్లికీ అంటరానితనమే ఎదురవుతుంది. హెచ్ఐవీ ఉన్నవారి పట్ల వైద్యంలో వివక్ష చూపడాన్ని 2017 నాటి చట్టం నిషేధించిందని చాలామంది సిబ్బందికే తెలియదు. ఉట్నూరు వైపు నుంచి వచ్చిన గోండు మహిళకో, భద్రాచలం వైపు నుంచి వచ్చిన కోయ మహిళకో తెలుగులో అరిచిన ఆజ్ఞ అర్థం కాకపోతే, అర్థం కాకపోవడమే నేరమైపోతుంది. దళిత స్త్రీలను ఉద్దేశించి శుభ్రత గురించి అనే మాటల్లో కులం ఎంత పలుకుతుందో నేను వేరే చెప్పనక్కరలేదు.

ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే ఈ బాధ ఉండదనుకునేవారు ఉన్నారు. అక్కడ దెబ్బలు అరుదు, మాట మెత్తగా ఉంటుంది, నిజమే. కానీ అనుమతి లేని చోట మెత్తని మాట కూడా ఒక రకమైన బలవంతమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో మొత్తం కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లు. దేశవ్యాప్త సగటు 21.5 శాతం. ప్రైవేటు ఆసుపత్రుల వరకే చూస్తే తెలంగాణలో అది 81.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. ముహూర్తాలు అడిగే కుటుంబాలు ఉన్నాయి, నొప్పులు భరించలేనని ఆపరేషన్ కోరే తల్లులూ ఉన్నారు, అదంతా లెక్కలోకి తీసుకున్నా, "ఉమ్మనీరు తగ్గింది, ఇప్పుడే తీయకపోతే మా బాధ్యత లేదు" అని భయపెట్టి భర్త చేత సంతకం పెట్టించుకోవడం ఎంత మామూలైపోయిందో నా తోటి వైద్యులకు తెలుసు. స్పృహలో ఉన్న వయోజన స్త్రీ శరీరం మీద చేసే శస్త్రచికిత్సకు అనుమతి ఇవ్వవలసింది ఆమె. భర్తో అత్తగారో కాదు. సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లో ఈ సంగతి తేల్చిచెప్పింది. ఆ కేసులో పరీక్ష కోసం మత్తు ఇచ్చిన స్త్రీకి, బయట ఉన్న ఆమె తల్లి అనుమతితో గర్భాశయం తీసివేశారు. ప్రాణాపాయం లేనప్పుడు అలా చేయడం చెల్లదని కోర్టు చెప్పింది. కాన్పు కాగానే చెప్పకుండా కాపర్-టీ వేసి పంపడానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. బిల్లు కట్టే దాకా తల్లినో బిడ్డనో పంపకుండా ఆపే హక్కు కూడా ఏ ఆసుపత్రికీ లేదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో ఈ మాట ఉంది.

సిబ్బంది ఇలా ఎందుకు తయారవుతారన్నది మీరు అడగలేదు, కానీ ఫిర్యాదు రాసేటప్పుడు అది అర్థమై ఉంటే ఫిర్యాదుకు బలం వస్తుంది. 2005లో జననీ సురక్షా యోజన వచ్చిన తరువాత ప్రభుత్వం డబ్బు ఇచ్చి, వాహనం పెట్టి తల్లులను ఆసుపత్రికి రప్పించింది. పైన చెప్పిన 2019-21 సర్వే నాటికి తెలంగాణలో 97 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి, దానివల్ల ఎన్నో ప్రాణాలు నిలిచాయి. అయితే వచ్చిన తల్లుల సంఖ్యకు తగ్గట్టు మంచాలూ నర్సులూ పెరగలేదు. రాత్రి డ్యూటీలో ఒకే స్టాఫ్ నర్సు ముగ్గురు తల్లులను చూస్తూ, కేస్ షీట్లు రాస్తూ, ఫోనెత్తి డాక్టరును పిలుస్తూ ఉంటుంది. ఏదైనా జరిగితే మొదటి మెమో ఆమెకే, బంధువుల దాడి కూడా ఆమె మీదనే. డాక్టరు ఆమె మీద అరుస్తారు, ఆమె ఆయమ్మ మీద అరుస్తుంది, చివరికి ఆ కోపమంతా మాట్లాడలేని మనిషి మీద పడుతుంది. మొదటి నెలలో దెబ్బ చూసి ఉలిక్కిపడ్డ నర్సింగ్ విద్యార్థిని మూడో నెలకు తానే చెయ్యెత్తడం నేను చూశాను. ఇవి కారణాలు; వీటిలో ఒక్కటీ మీ చెల్లెలు పడ్డ దెబ్బకు సమాధానం కాదు. అదే వార్డులో, అదే పని ఒత్తిడిలో, ఒక్క మాట తూలకుండా వందల కాన్పులు చేసిన సిస్టర్లు కూడా ఉన్నారు కనుకనే ఈ మాట గట్టిగా అనగలుగుతున్నాను.

నియమాలు లేక కాదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు సమయంలో తల్లి పక్కన ఒక ఆడ తోడును ఉండనివ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016 ఫిబ్రవరిలోనే ఆదేశించింది. కాన్పు అనుభవం ఉన్న, అంటువ్యాధులేమీ లేని, శుభ్రమైన బట్టలు వేసుకున్న, సిబ్బంది పనికి అడ్డుపడని బంధువైతే చాలు. 2017 డిసెంబరులో మొదలైన కేంద్ర ప్రభుత్వ లక్ష్య కార్యక్రమం కాన్పు గదుల నాణ్యతను కొలిచేటప్పుడు తల్లికి చాటు, గౌరవం, తోడు ఉన్నాయా లేదా అన్నది కూడా లెక్కలోకి తీసుకుంటుంది. 2011 నుంచి అమలులో ఉన్న జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రిలో మామూలు కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, రాకపోకలు అన్నీ ఉచితం. కాబట్టి మగబిడ్డకు ఇంత, ఆడబిడ్డకు ఇంత అని చేయి చాపడం లంచమే, దాన్ని సంతోషంగా ఇచ్చే బహుమతి అని ఎవరు పిలిచినా సరే. అలాంటిది జరిగితే తెలంగాణలో అవినీతి నిరోధక శాఖకు 1064 నంబరులో చెప్పవచ్చు.

ఇప్పుడు మీ చెల్లెలికి చేయవలసినవి. మొదట ఆమె ఒంటి సంగతి చూడండి. కుట్ల దగ్గర నొప్పి రోజురోజుకూ పెరుగుతున్నా, చీము, జ్వరం, దుర్వాసన ఉన్నా, మూత్రమో మలమో తెలియకుండా పోతున్నా, ఆ ఆసుపత్రికే వెళ్లనక్కరలేదు, మరో చోటికైనా వెంటనే తీసుకువెళ్లండి. ఆమెకు నిద్ర పట్టకపోవడం, కాన్పు గది కళ్ల ముందు మళ్లీ మళ్లీ మెదలడం, బిడ్డను ఎత్తుకోవాలనిపించకపోవడం వంటివి రెండు వారాలు దాటి ఉంటే అది పొగరూ కాదు, బాలింత వేషాలూ కాదు. కాన్పులో పొందిన భయం మానసిక వ్యాధిగా మారుతున్న సూచన కావచ్చు. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. "బిడ్డ బాగుంది కదా, ఇంకెందుకు ఏడుపు" అన్న మాట ఇంట్లో ఎవరూ అనకుండా మీరు చూడగలిగితే, అది ఏ మందుకూ తీసిపోని సాయం.

తరువాత, ఆమెకు ఇష్టమైతేనే, జరిగింది కాగితం మీద పెట్టండి. ఎన్ని గంటలకు చేరారు, ఏ షిఫ్టులో ఏం జరిగింది, ఎవరు ఏ మాట అన్నారు, పేరు తెలియకపోతే ఎలా ఉంటారు, గదిలో ఇంకెవరున్నారు అన్నది ఆమె మాటల్లోనే రాయండి. "చాలా దారుణంగా చూశారు" అన్న వాక్యం ఫైలులో మూలపడుతుంది. "రాత్రి రెండు గంటల సమయంలో ఎడమ తొడ మీద మూడుసార్లు చేత్తో కొట్టారు" అన్న వాక్యానికి ఎవరో ఒకరు జవాబు రాయక తప్పదు. దానితో పాటు కేస్ షీటు, కాన్పు పురోగతి రాసే పార్టోగ్రాఫ్, డిశ్చార్జి పత్రం నకళ్లు అడుగుతూ లిఖితపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. వైద్యుల ప్రవర్తనా నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లోగా ఆ రికార్డులు ఇవ్వాలి. కేస్ షీటులో కోత గురించీ, లిగ్నోకేయిన్ గురించీ ఏం రాశారో చూడండి. కొన్నిసార్లు అక్కడ మత్తు ఇచ్చినట్టు రాసి ఉంటుంది, ఆ తేడాను కూడా ఫిర్యాదులో చూపించాలి.

ఫిర్యాదు మొదట ఆసుపత్రి సూపరింటెండెంటుకు, ఒక ప్రతి జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి, మరొకటి కలెక్టరుకు ఇవ్వండి. తెలంగాణలో సోమవారం జరిగే ప్రజావాణిలో, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తే నమోదు సంఖ్య వస్తుంది, అది వచ్చాక కాగితం మాయం కావడం కష్టం. డాక్టరు ప్రవర్తన మీదైతే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్, నర్సు ప్రవర్తన మీదైతే నర్సింగ్ కౌన్సిల్ ఉన్నాయి. మానవ హక్కుల కమిషన్‌కు వెళ్లాలంటే ఘటన జరిగిన ఏడాదిలోపే వెళ్లాలి. డబ్బు కట్టి వైద్యం పొందిన చోటైతే వినియోగదారుల కమిషన్‌లో 2 ఏళ్లలోగా కేసు వేయవచ్చు. ఎవరి దగ్గరా రుసుము తీసుకోని ప్రభుత్వ ఆసుపత్రి ఆ చట్టం కిందికి రాదని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. అంతమాత్రాన ప్రభుత్వ ఆసుపత్రికి జవాబుదారీ లేదని కాదు. చేర్చుకోక తిప్పిపంపితే చెట్టు కింద ప్రసవించిన ఒక పేద మహిళ విషయంలో ఢిల్లీ హైకోర్టు 2010లో దాన్ని ప్రాథమిక హక్కుల ఉల్లంఘనగా చూసి పరిహారం ఇప్పించింది. "డాక్టర్ల మీద కేసు పెట్టడం కుదరదు" అని పోలీసు స్టేషన్లో అంటే తెలుసుకోవలసింది ఏమిటంటే, నిపుణుల అభిప్రాయం ముందుగా కావాలన్న సుప్రీంకోర్టు నియమం చికిత్సలో నిర్లక్ష్యం గురించి చెప్పింది; చెంపదెబ్బ చికిత్స కాదు కాబట్టి దానికి ఆ రక్షణ వర్తించదని నా అభిప్రాయం. ఈ దారిలో వెళ్లేటట్లయితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో స్త్రీలకు ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు, ముందుగా వాళ్లను కలవండి.

నా సలహా అడిగితే, ఒక నర్సును సస్పెండు చేయించడం మీద మాత్రమే పట్టుబట్టకండి. తోడును లోపలికి ఎందుకు అనుమతించలేదు, ఆ రాత్రి ఎంతమంది సిబ్బంది ఉన్నారు, మంచాల మధ్య తెరలు ఎందుకు లేవు అన్నవి కూడా ఫిర్యాదులో అడగండి. వ్యక్తిని బదిలీ చేసి చేతులు దులుపుకోవడం అధికారులకు సులువు, ఈ ప్రశ్నలను దులుపుకోవడం అంత సులువు కాదు.

ఇక మీ కాన్పు. ఎనిమిదో నెల నిండేలోగా ఆశా కార్యకర్తనో ఏఎన్ఎంనో వెంటబెట్టుకుని ఆ కాన్పు గదిని ఒకసారి పగటి పూట చూసి రండి. అక్కడి సిస్టరును మర్యాదగా అడగవలసినవి కొన్నే ఉన్నాయి. మా అమ్మను లోపల ఉండనిస్తారా, నొప్పుల్లో నడవవచ్చా, నీళ్లు తాగవచ్చా, కోత అందరికీ పెడతారా, కుట్లకు మత్తు ఇస్తారా. జవాబుల కంటే ఆ ప్రశ్నలు విన్నప్పుడు వాళ్ల ముఖం మీకు ఎక్కువ చెబుతుంది. తోడును నిరాకరిస్తే 2016 ఆదేశం సంగతి చెప్పి, సూపరింటెండెంటు దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. తోడు ఎవరన్నది కూడా ముఖ్యమే; మీతో పాటు భయపడి ఏడ్చే మనిషి కంటే, నెమ్మదిగా మాట్లాడుతూ నడుము రాస్తూ, సిబ్బందిని పేరుపెట్టి "సిస్టర్, ఇప్పుడు ఏం చేస్తున్నారు" అని అడగగలిగే మేనత్తో పిన్నో ఉంటే మేలు. తోడు నిరంతరం పక్కన ఉన్న తల్లులకు సహజ కాన్పులు ఎక్కువ, సిజేరియన్లు తక్కువ, కాన్పు సమయమూ కొంత తక్కువ అని అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలు తేల్చాయి. పైన చెప్పిన ఆ ముప్పావుగంటలో గదిలో మరో జత కళ్లు ఉండటం దెబ్బను ఆపే విషయంలో అన్నింటికంటే ఎక్కువ పనిచేస్తుందని నా అనుభవం.

మీ జిల్లా ఆసుపత్రిలో మిడ్‌వైఫ్‌లు, అంటే సహజ కాన్పులు చేయడంలో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు, ఉన్నారేమో కూడా కనుక్కోండి. తెలంగాణ ప్రభుత్వం 2017లో యూనిసెఫ్, హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ప్రసూతి ఆసుపత్రి సంస్థల సహకారంతో స్టాఫ్ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. కేంద్రం కూడా 2018 డిసెంబరులో ఇలాంటి సేవలకు మార్గదర్శకాలు ఇచ్చింది. బీపీ, మధుమేహం, పాత సిజేరియన్ వంటి ఇబ్బందులు లేని గర్భిణికి వీళ్ల చేతుల్లో కాన్పు కావడం మంచిది, ఎందుకంటే తల్లి వేగాన్ని అనుసరించి ఓపికగా వేచి ఉండటం వాళ్ల శిక్షణలోనే ఉంది.

చివరగా చెల్లెలి గురించి ఒక మాట. ఫిర్యాదు ఆమెది, మీది కాదు. ఇప్పుడు వద్దంటే తొందరపెట్టకండి. కానీ రికార్డులు మాత్రం ఈ వారమే అడిగి తీసుకోండి. ఇన్‌పేషెంటు రికార్డులను మూడేళ్లు ఉంచాలన్న నియమం ఉన్నా, పాత కేస్ షీట్లు గుట్టల్లో దొరకకుండా పోవడం మన ఆసుపత్రుల్లో మామూలే. ఆమె ఆరు నెలల తరువాత మనసు మార్చుకుంటే అప్పుడు కాగితాలు మీ చేతిలో ఉండాలి.